సైకియాట్రీ వార్డులో డ్యూటీకి చేరబోతున్న రవికి

ఒరేయ్ రవీ,

సైకియాట్రీ వార్డులో పోస్టింగ్ పడిందని, ఎవరైనా మీద పడి కొడతారేమోనని టెన్షన్‌గా ఉందని రాశావు. అసలు జరగదని చెప్పను గానీ, గోల చేసే పేషెంటు ఎలాగూ అందరి కంట్లో పడతాడు. గోడవైపు తిరిగి పడుకుని, ఏమడిగినా "బాగానే ఉన్నా" అనేవాడి దగ్గరికి ముందు వెళ్లు.

వెళ్లి సూటిగానే అడుగు, చచ్చిపోవాలనిపిస్తోందా అని. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది జంకుతారు. ఏమీ పుట్టదురా. అవునంటే అక్కడితో ఆగకు. ఏం చేసుకోవాలనుకున్నాడో, అందుకు కావాల్సింది చేతికి అందేలా ఉందో కనుక్కో. ఒంటరిగా వదలకుండానే డాక్టర్‌కి కబురు పెట్టు. 15 నిమిషాలకోసారి చూడమని రాసి ఉంటే, ఆ గడువు దాటకుండా వేళలు మార్చి మార్చి వెళ్లు. సరిగ్గా ఒకే వేళకి వస్తావని తెలిస్తే, మధ్యలో ఎవరూ రారని కూడా తెలిసిపోతుంది. డిప్రెషన్‌కి మందు మొదలుపెట్టిన కొత్తలో మనిషి లేచి తిరుగుతుంటే ఇంట్లోవాళ్లు సంబరపడతారు. నువ్వు మాత్రం ఇంకాస్త కనిపెట్టుకుని ఉండు. మనసు తేరుకోకముందే ఒంట్లోకి ఓపిక వచ్చేస్తుంది మరి. మాత్ర మింగాక నోరు తెరిపించి చూడు, బుగ్గలో దాచి పోగుచేసుకునేవాళ్లుంటారు.

చెవిలో మాటలు వినిపిస్తున్నాయంటే ఏం చెబుతున్నాయో అడగాలి. ఎవరినైనా చంపమనో, తననే చచ్చిపొమ్మనో అంటున్నాయేమో తెలియాలి కదా. అవి అబద్ధమని వాదించకు, నాకూ వినిపిస్తున్నాయనీ అనకు. "నాకు వినబడట్లేదు, కానీ మీకు భయంగా ఉందని తెలుస్తోంది" అంటే చాలు. కోపంగా ఉన్నవాడితో ఒక్కరే మాట్లాడాలి, గొంతు తగ్గించి, కాస్త దూరంగా. తలుపు దారి నీకూ, అతనికీ ఖాళీగా ఉండాలి. కట్టేయడం అన్నీ విఫలమయ్యాకే.

నాకు ఒళ్లు మండేది ఇంకోటుంది. మానసిక రోగి అనగానే ఒంటి సంగతి ఎవరికీ పట్టదు. హఠాత్తుగా తికమకపడి మాట్లాడుతుంటే ముందు షుగరు, జ్వరం, ఆక్సిజన్ చూడు. మూడ్ అదుపులో ఉంచే లిథియం మందు తీసుకునేవాళ్లకి వాంతులు, విరేచనాలు, తూలడం, చేతులు బాగా వణకడం కనిపిస్తే తర్వాతి డోసు ఆపి డాక్టర్‌ని పిలువు. రక్తంలో లిథియం లీటరుకి 1.5 మిల్లీమోల్ దాటితే విషమవుతుంది, అంతకంటే తక్కువలోనూ కొందరికి లక్షణాలొస్తాయి. సైకోసిస్‌కి, అంటే లేనివి వినబడటం, కనబడటం లాంటి జబ్బుకి ఇచ్చే క్లోజపిన్ వాడేవాళ్లకి గొంతునొప్పి, జ్వరం వస్తే జలుబని వదిలేయకు, రక్తంలో తెల్లకణాలు తగ్గాయేమో పరీక్ష కావాలి. సైకోసిస్ మందులు వాడేవాళ్లెవరికైనా జ్వరంతోపాటు ఒళ్లు కట్టెలా బిగుసుకుంటే అది ఎమర్జెన్సీ. మేనియాలో, అంటే హుషారు హద్దుమీరిన స్థితిలో ఉన్నవాళ్లు కుదురుగా కూర్చుని తినరు, నడుస్తూ తినగలిగేవి చేతికివ్వు, నీళ్లు గుర్తుచేస్తూ ఉండు.

ఆ, డ్యూటీ మారేటప్పుడు "రాత్రంతా ప్రశాంతంగా పడుకున్నాడు" అంటారు. నిద్రపోయాడా, ఊరికే కళ్లు మూసుకున్నాడా అని అడుగు. విసుక్కుంటే విసుక్కోనీ. మొదటి వారం అయ్యాక ఎలా ఉందో రాయి.

నీ
శీను