మెమూలకు తలుపులు పెట్టేముందు

సంపాదకులు గారికి,

ఏసీ లేని కొత్త లోకల్ బండ్లకు కూడా ఆటోమేటిక్ తలుపులు పెడతామని ముంబయి దగ్గర కిక్కిరిసిన లోకల్ బండ్ల నుంచి జనం జారిపడ్డ ముంబ్రా ప్రమాదం (2025 జూన్ 9) తర్వాత రైల్వే శాఖ ప్రకటించింది. ముంబయికి వచ్చినవి రేపు మన బిట్రగుంట మెమూకీ (చిన్న దూరాలకు తిరిగే కరెంటు బండి) వస్తాయి, రావాలి కూడా. అయితే ఆ ప్రకటనలో తలుపుల వెంట ఇంకో మూడు సంగతులున్నాయి. తలుపు రెక్కల్లో గాలి ఆడే లూవర్లు, కప్పు మీద నుంచి బయటి గాలిని లోపలికి తోసే యంత్రాలు, ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి నడిచే దారి. తలుపులు పెట్టి ఇలాంటి జాగ్రత్తలు వదిలేస్తే ఏమవుతుందో జపాన్‌లో 1951లోనే తేలిపోయింది.

యొకొహామాలోని సకురాగిచో స్టేషన్‌లో ఆ ఏడు ఏప్రిల్ 24న కరెంటు పైతీగల పని చేస్తున్నవాళ్ల చేతిలోంచి పానా జారింది. షార్టయి తీగ తెగింది. స్టేషన్‌లోకి వస్తున్న 63 సిరీస్ బండి పాంటోగ్రాఫ్ (తీగ నుంచి కరెంటు అందుకునే కప్పు మీది చట్రం) ఆ వేలాడే తీగకు చిక్కుకుని మొదటి పెట్టె కప్పు అంటుకుంది. యుద్ధకాలపు పొదుపు నమూనాలో కట్టిన బండి కాబట్టి లోపలంతా చెక్కే. కరెంటు పోయింది, తలుపులు కదల్లేదు. చేత్తో తెరుచుకునేందుకు కాక్ (తిప్పితే తలుపుల బిగింపు వదిలే అత్యవసర పిడి) ఉండనే ఉంది, ఎక్కడుందో ప్రయాణికులకు తెలీదు. కిటికీ అద్దం మూడు ముక్కలు, నడిమి ముక్క బిగింపు. మిగతావి ఎత్తినా మనిషి పట్టే సందు లేదు. పెట్టెకీ పెట్టెకీ మధ్య తలుపు లోపలి వైపు తెరుచుకునే రకం, జనం మీద పడి తోసేసరికి అది మరింత బిగిసింది. 106 మంది పోయారు. కాక్ ఎక్కడుందో చూపే రాతలు, పెట్టెల మధ్య నడిచే దారి, మనిషి పట్టే కిటికీలు ఆ తర్వాత వచ్చాయి.

ఇవాళ టోక్యో చువో రాపిడ్ లైనులో తిరిగే ఇ233 సిరీస్ కొలతలకు ఆ 63కి వారసురాలే. అదే 20 మీటర్ల పెట్టె, పక్కకు అవే నాలుగు తలుపులు. 2006 డిసెంబరులో దిగిన ఈ బండిలో ఒక్కో తలుపు 1,300 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది, ఇద్దరు పక్కపక్కనే దిగొచ్చు. పెట్టె నేల పట్టాల నుంచి 1,130, ప్లాట్‌ఫాం దాదాపు 1,100. అంటే అడుగు తీసి అడుగు వేయడమే, ఎక్కడం దిగడం అనేదే లేదు. మన హైలెవల్ ప్లాట్‌ఫాం 760 నుంచి 840. మెమూ నేలకు అక్కడి నుంచి అడుగు పైనే ఎత్తు. ఉలవపాడులో మామిడి గంప ఎక్కించే మనిషి ఆ మెట్టు మీద ఉండగా గార్డు బటన్ నొక్కితే రెక్కలు గంపను పట్టుకుంటాయి. తలుపు పూర్తిగా పడనిదే మోటార్లకు కరెంటు అందదు, బండి అక్కడే నిలబడుతుంది. ముందు ప్లాట్‌ఫాం ఎత్తు సంగతి చూడకుండా తలుపులు బిగిస్తే ఆలస్యాలకు తలుపుల్నే తిడతారు.

బ్యాగు పట్టీ, చీర కొంగు లాంటి పలచని వాటిది వేరే చిక్కు. అవి ఇరుక్కున్నా తలుపు పడినట్టే లెక్క తేలుతుంది. అందుకే అక్కడి బండ్లలో తలుపు మూసుకున్నాక కాసేపు బిగింపు సడలించి ఉంచుతారు, లాగితే పట్టీ వచ్చేస్తుంది. మన టెండర్లలో ఈ ఒక్క వాక్యం ఉండాలి. రెక్కలు పైన పట్టాకు వేలాడతాయి, కింద గాడి దారి చూపడానికే. మన కోస్తాలో ఆ గాడిలో ఇసుక పడుతుంది, చేపల బుట్టల ఉప్పునీరు కారుతుంది. బండ్లను తనిఖీ చేసే పిట్ లైను మీదికి వచ్చిన ప్రతిసారీ ఊడ్చి కడగకపోతే మూడో నెలకే రెక్క సగంలో ఆగుతుంది.

సూపర్‌ఫాస్టుల కోసం మెమూను తలమంచి స్టేషన్‌లో లూపు (పక్కకు తప్పించే) లైనులో పెట్టారనుకోండి. మే నెల ఎండలో అరగంట తలుపులు మూసి ఉంచితే లోపల మనుషులు ఉడికిపోతారు. ఇ233లో తలుపు పక్కన బటన్ ఉంది. గార్డు అనుమతిస్తే ఎవరికి కావాల్సిన తలుపు వాళ్లు తెరుచుకుంటారు, మళ్లీ మూసుకుంటారు. చలికి పెట్టుకున్న ఏర్పాటు మనకు ఎండకు పనికొస్తుంది. ఏసీ పెట్టెలైతే మరీనూ.

ఇక కాక్. అది పెట్టి చేతులు దులుపుకుంటే సరిపోదని జపాన్ వాళ్లకు 1962 మే 3న మికవాషిమాలో తెలిసింది. గూడ్సు పట్టాలు తప్పి లోకల్ బండికి తగిలింది. జనం కాక్ తిప్పి తలుపులు తెరిచి పక్క లైను మీదికి దిగారు. ఆ లైను ఎవరూ ఆపలేదు, ఎదురు బండి వచ్చేసింది. 160 మంది చనిపోయారు. మూడో లైను పడుతున్న విజయవాడ–గూడూరు మార్గంలో ఈ ముప్పు ఇంకా ఎక్కువ. ఎవరైనా కాక్ తిప్పిన క్షణమే గార్డు దగ్గర గంట మోగాలి, పక్క లైన్ల బండ్లు ఆపించే పని అతనిదని రూలులో రాసి ఉండాలి. కాక్ పక్కన రాత తెలుగులో, నిలబడ్డ మనిషి కంటి ఎత్తున ఉండాలి. ‘తిప్పాక దిగే ముందు రెండు వైపులా చూడండి’ అన్న మాట కూడా అక్కడే ఉండాలి.

— ఒక పాఠకుడు, కావలి