చలికాలం వ్యాన్ల పండుకునేటోళ్లకు ముందుగాల కావాల్సింది హీటర్ కాదు

ఎడిటర్ గారికి నమస్తే,

చలి షురూ అయితదో లేదో మన దిక్కు క్యాంపర్ వ్యాన్ల ముచ్చట మొదలైతది. లక్నవరం, రామప్ప, బొగత, అటు కుంటాల, జోడేఘాట్ అనుకుంట ఫ్యామిలీలతోని బండ్లు కిరాయికి తీస్కొని పోతున్నరు, కొందరైతే పాత ఓమ్నీలల్ల, టెంపో ట్రావెలర్లల్ల వెనక సీట్లు పీకేసి మంచాలు కొట్టిచ్చుకుంటున్నరు. మంచిదే, ఎవరొద్దన్నరు. కాకపోతే సామాను ఏం పెట్టుకోవాలె అంటే వీడియోలు చూసి ఫ్రిజ్జు, ప్రొజెక్టరు, కాఫీ మిషన్ అని చెప్తరు గని రాత్రి పానం కాపాడే సామాను ఎవరు అడుగుతలేరు, అందుకే రాస్తున్న.

పోయిన డిసెంబర్ల కెరమెరి ఘాట్ దిక్కు పోదామని ఒక వ్యాన్ మాట్లాడినం. తాళాలు ఇచ్చేటప్పుడు ఓనరు బార్బెక్యూ స్టాండు, బొగ్గుల సంచి చూపెట్టి "వంట అయినంక పొగ పోయిన నిప్పులు లోపల పెట్టుకోండ్రి సార్, తెల్లారేదాక వెచ్చగుంటది" అన్నడు. సంచి ఆడనే దించేసినం. ఆయనది చెడు బుద్ధేం కాదు, తెల్వకనే చెప్పిండు, గట్ల ఎంతమందికి చెప్పిండో మరి. పొగ లేదంటే గండం తప్పింది అనుకుంటరు గని బొగ్గు ఎర్రగున్నంతసేపు కార్బన్ మోనాక్సైడ్ వస్తనే ఉంటది. వాసన ఉండది, రంగు ఉండది, రక్తంల హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైన గట్టిగ పట్టుకుంటది. మెలకువతోని ఉన్నోనికి తలనొప్పో వికారమో తెలుస్తది, నిద్రల ఉన్నోనికి ఏం తెలుస్తది? ఇంజన్ ఆన్ చేసి బ్లోయర్ పెట్టుకొని పండుకునుడు కూడ గసొంటిదే, సైలెన్సర్ పైపుకు చిన్న చిల్లు ఉన్నా ఆ గ్యాస్ లోపలికే వస్తది.

గందుకే నా లెక్కల మొదటి సామాను కార్బన్ మోనాక్సైడ్ అలారం. పొగకు మోగే అలారం వేరే, ఇది వేరే, కొనేటప్పుడు జర చూసి కొనాలె. పండుకున్నప్పుడు తలకాయ ఎంత ఎత్తుల ఉంటదో ఆ దగ్గర్ల పెట్టాలె. దాంతోపాటు మంటలార్పే ఏబీసీ పౌడర్ ఫైర్ సిలిండర్ ఒకటి, అది డిక్కీల సామాను కింద కాదు, డోర్ పక్కకు చెయ్యి అందేకాడ ఉండాలె.

ఇగ చలి సంగతి. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ దిక్కు గట్టి చలి పడ్డ రోజుల్ల తెల్లారగట్ల ఆరేడు డిగ్రీలకు దిగుతది. అందరు మీద కప్పుకునే రగ్గుల గురించే ఆలోచిస్తరు గని వ్యాన్ల చలి వచ్చేది కిందికెళ్లి, ఫ్లోరు ఉత్త రేకే కదా. మంచి ఫోమ్ పరుపు, దాని కింద మన కొత్తవాడ జంపఖానా రెండు మడతలు ఏస్తే సగం చలి ఆడనే ఆగుతది. ఈ జంపఖానాలకే, అంటే వరంగల్ దర్రీలకు, 2018ల జీఐ ట్యాగ్ (ఫలానా ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు) వచ్చిందని సంబురపడ్డం, కొని వాడేదెప్పుడు మరి? అద్దాలకు వెండి రంగు ఫాయిల్ షీట్లు కట్ చేసి పెట్టాలె. రబ్బర్ సంచిల వేడినీళ్లు పోసి, మూత గట్టిగ బిగించి, టవల్ చుట్టి పడుకునే ముందు కాళ్లకాడ పెడితే ముసలోళ్లకు మస్తు హాయి. మంకీ క్యాపు ఎట్లాగు మరువరు.

చలని అద్దాలన్ని బిగించొద్దు. నలుగురు పండుకుంటే పొద్దుగాల వరకు ఊపిరి తేమ అంత అద్దాలకు, రేకుకు పట్టి కారుతది, రగ్గులు తడిసినట్టు అయితయి, దాంతోని ఇంకా ఎక్కువ చలి పెడ్తది. ఎదురెదురు కిటికీలు రెండు వేళ్ల సందు తీసి దోమల జాలి బిగిస్తే చాలు.

హీటర్ల మోజు జర తగ్గించుకోవాలె. 12 వోల్టుల (అసలు లెక్కల 12.8) 100 ఏహెచ్, అంటే ఆంపియర్ అవర్ల, లిథియం బ్యాటరీల ఉండేది సుమారు 1,280 వాట్ అవర్లు, 1,500 వాట్ల రూమ్ హీటర్ పెడితే గంట కూడ రాదు. గదే 60 వాట్ల ఎలక్ట్రిక్ దుప్పటి ఎనిమిది గంటలు నడిచినా సగం బ్యాటరీ కూడ అయిపోదు. డీజిల్ హీటర్లు మంచివే, బయటి గాలి తీస్కొని పొగ బయటికే వదుల్తయి, కాకపోతే అవి మంచు కురిసే దేశాలకు పుట్టినయి, మన జనవరికి అంత ఖర్చు దండుగ. గ్యాస్ స్టవ్ బండి బయటనే వెలిగించాలె, ఎల్పీజీ గాలికన్నా బరువు, లీకైతే మనం పండుకునే ఫ్లోరు మీదనే పేరుకుంటది.

తలకు కట్టుకునే లైటు, బ్యాటరీ దిగితే వేరే బండికెళ్లి స్టార్ట్ చేసుకునే జంపర్ కేబుళ్లు, మూతలున్న స్టీలు డబ్బాలు కూడ పెట్టుకోవాలె - తాడ్వాయి రోడ్డు మీద కోతులు ఎట్లుంటయో వేరే చెప్పాల్నా. పొగమంచుల పొద్దుగాల్నే బయలెల్లి 163 నెంబర్ హైవే ఎక్కే తొందర వద్దు.

కిరాయి వ్యాన్లల్ల అలారం, ఫైర్ సిలిండర్ లేకుంట ఇయ్యొద్దని రూల్ పెడితే బాగుంటది, రవాణా శాఖోళ్లు ఆలోచించాలె. మీకు కూడ ఒక రిక్వెస్టు: టూరిజం పేజీల జలపాతం ఫోటో ఏసినప్పుడు రాత్రి ఆడ బండి ఆపనిస్తరా, ఫారెస్టోళ్ల పర్మిషన్ కావాల్నా, లైటు, ఆడోళ్లకు బాత్రూమ్ ఉన్నయా అనేది కూడ కింద రెండు లైన్లు రాయండ్రి.

- ఒక పాఠకుడు, హన్మకొండ