రెండు వయొలిన్ బృందాలూ ఒకే వైపు వద్దు
రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ ఆర్కెస్ట్రా కోసం రాసిన ఆరో సింఫనీ ‘పథెటిక్’ (1893) కచేరీల్లో మొదటి, రెండో వయొలిన్ బృందాలను రెండింటినీ ఎడమవైపే కూర్చోబెట్టడం ఆ రచనకు అన్యాయం. నాలుగో భాగం ఎత్తుగడలో వినిపించే దిగులు బాణీని ఏ బృందమూ పూర్తిగా వాయించదు. ఒక స్వరం వీళ్లది, మరుసటిది వాళ్లది. విడిగా వింటే రెండూ ఎగుడుదిగుడు గెంతులే! ఎదురెదురుగా కూర్చుంటే బాణీ వేదిక మీద అటూఇటూ ఊగుతుంది, పక్కపక్కనైతే అంతా ఒకే ముద్ద. అదే బాణీ తిరిగొచ్చినప్పుడు మొదటి వయొలిన్లకే మొత్తంగా దక్కుతుంది. ఈ తేడా చెవికి ఆనాలంటే రెండో వయొలిన్లను కుడి అంచుకు, చెల్లోలను (వయొలిన్ జాతిలోని పెద్ద మంద్రస్వర వాద్యాలను) లోపలికి జరపాలి. కుడివైపు వయొలిన్ల ముఖం ప్రేక్షకులకు పెడగా ఉంటుంది కనుక వాళ్లు కాస్త గట్టిగా వాయించాలి. దూరమైతే తాళం కుదరదన్న అభ్యంతరం నిజమే. అందుకు ఆ రెండు బృందాలకే విడిగా ఒక రిహార్సల్ పెట్టాలి.