వార్షిక నివేదిక 2024–25: మహిళా కమిషన్‌కు అర్జీలు, ఆస్తి హక్కుపై చర్చ

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది కావలిలో మన సంఘం ఎక్కువ సమయం ఒకే పని మీద పెట్టింది. మహిళా కమిషన్‌కు అర్జీ ఎలా పెట్టాలి, పెడితే ఏం జరుగుతుంది అన్నది అందరికీ తెలియజెప్పడం ఆ పని. కుట్టు శిక్షణ, ఆరోగ్య శిబిరం ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

సమావేశాలకు వచ్చినవాళ్లు ముందుగా అడిగిన ప్రశ్న, "కమిషన్ వాళ్లు మేం ఫిర్యాదు చేసినవాడికి శిక్ష వేస్తారా?" అని. వెయ్యరు. 1990 నాటి చట్టంతో 1992 జనవరిలో ఏర్పడిన జాతీయ మహిళా కమిషన్ గానీ, 1998 చట్టంతో వచ్చిన మన రాష్ట్ర కమిషన్ గానీ కోర్టులు కావు. అయితే విచారణ చేసేటప్పుడు సివిల్ కోర్టులాగే మనుషుల్ని పిలిపించగలవు, కాగితాలు తెప్పించగలవు. ఆ తర్వాత చేసేది సిఫారసే. సిఫారసే కదా అని తీసిపారేయొద్దని కార్యవర్గం గట్టి అభిప్రాయం. స్టేషన్ చుట్టూ తిరిగి విసిగిన ఆడమనిషికి, తన ఫిర్యాదు గురించి పైవాళ్లు అడుగుతున్నారంటే ఎంత ధైర్యం వస్తుందో అర్జీలు రాసిపెట్టిన మన కార్యకర్తలు చూశారు.

ఆస్తి హక్కు మీద జరిగిన చర్చ మాత్రం పొద్దుపోయేదాకా సాగింది. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటాను మన రాష్ట్రం 1985 సెప్టెంబరు 5 నుంచే ఇచ్చింది, కానీ ఆ తేదీకి ముందు పెళ్లయినవాళ్లను వదిలేసింది. అలా మిగిలిపోయిన పెద్దమ్మలు మన సంఘంలోనూ ఉన్నారు. కూతుళ్లకూ పుట్టుకతో వాటా ఉండాలని, చట్టాల మార్పుపై కేంద్రానికి సలహా ఇచ్చే లా కమిషన్ 2000లో తన 174వ నివేదికలో చెప్పింది. చట్టం మారడానికి ఇంకో ఐదేళ్లు పట్టింది. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో పెళ్లి తేదీ అడ్డు పోయింది. అప్పటికి తండ్రి బతికి ఉండాల్సిన అవసరం లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే చట్టప్రకారం పంపకాలు పూర్తయిన ఆస్తికి మాత్రం ఇది వర్తించదు. కాబట్టి పాత దస్తావేజులు తీసి తేదీలు చూసుకోండి.

ఐదేళ్ల ఆలస్యం గురించి విన్నప్పుడు సహజంగానే సారా పోరాటానికి పేరుపడ్డ దూబగుంట ఊరి మాట వచ్చింది. మన జిల్లా ఆడవాళ్లు 1992లో సారా మీద తిరగబడ్డారు. ఏ కమిషనో వచ్చి అడుగుతుందని వాళ్లు ఎదురుచూడలేదు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. కమిషన్లు కావాలి, వాటిని కదిలించే మనుషులు ఇంకా ఎక్కువ కావాలి.

వచ్చే ఏడాది రొయ్యలు వలిచే షెడ్లలో పనిచేసే ఆడవాళ్ల దగ్గరికి వెళ్లాలనుకుంటున్నాం. 2013 చట్టం ప్రకారం పనిచోట లైంగిక వేధింపులపై విచారణకు, పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది ఉన్నచోట యజమాని అంతర్గత కమిటీ పెట్టాలి. అంతకంటే తక్కువమంది ఉంటే జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్లవచ్చు. ఇళ్లలో పనిచేసేవాళ్లకూ ఆ దారి ఉంది. మామూలుగా ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదును రాతపూర్వకంగా ఇవ్వాలి, ఈ గడువు చాలామందికి తెలియదు. రాయడం రానివాళ్లకు అర్జీ రాసిపెట్టగల సభ్యులు వచ్చే సమావేశంలో తమ పేర్లు ఇవ్వండి.