మనూళ్లో మిట్టలు లేవన్నావు

తల్లీ,

మొన్న ఫోనులో నువ్వన్న మాట నా మనసులోంచి పోలేదు. "సంక్రాంతికి సైకిలు తేనులే నాన్నా, మనూరంతా బల్లపరుపు, గేర్లతో పనేముంది" అన్నావు. మర్నాడు చీకటితోనే నా పాత సైకిలు తీశాను. లొల్ల లాకుల దగ్గర మొదలుపెట్టి బొబ్బర్లంక దాకా గోదావరి కాలువగట్టు మీద వెళ్లి, ఏటిగట్టు మీదుగా తిరిగొచ్చాను. మొత్తం 30 కిలోమీటర్ల పైచిలుకు. తొడలు ఇంకా సలుపుతున్నాయి. బల్లపరుపు నేల అయితే ఇంత సలపదు.

నువ్వు అనంతగిరి గుట్టల్లో తొక్కుతావు. అక్కడ మిట్ట ఎదురుగా కనిపిస్తుంది కాబట్టి ముందే సిద్ధపడతావు. ఇక్కడ నేల సముద్రం వైపు వాలి ఉన్న సంగతి కంటికి తెలియదు, నీళ్లకి తెలుసు. ఆ వాలుని మెట్లు మెట్లుగా దింపడానికే లాకులు కట్టారు. లాకు దగ్గర నీళ్లు ఒక మెట్టు దిగుతాయి, గట్టూ దిగుతుంది. మనం ప్రవాహానికి ఎదురు వెళ్తాం కనక లొల్లలోనే మొదటి మిట్ట తగులుతుంది. వంతెనలు వచ్చిన చోటల్లా ఇంకో మిట్ట. పొలాల్లోంచి ఏటిగట్టు ఎక్కే బాట అన్నిటికన్నా నిటారు. అక్కడికి వచ్చాక గేరు మార్చుకుందామంటే గొలుసు తెగినంత పని అవుతుంది. ఇరవై గజాల ముందే చిన్న గేరులోకి రా. నాకు గేర్లు లేవు, దిగి నడిపించాను.

ఈ గట్లు ఇంత వెడల్పుగా, తెగకుండా ఎందుకున్నాయో ఎప్పుడైనా ఆలోచించావా? కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్టని 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడు. ఆ కాలువలు పొలాలకే కాదు, పడవలకి కూడా. గాలి లేనప్పుడు మనుషులు పడవకి తాడు కట్టి, భుజాన వేసుకుని, గట్టు వెంట నడుస్తూ లాగేవాళ్లు. మీ తాతయ్య చిన్నతనంలో ధాన్యం అలాగే వెళ్లేదట. వాళ్లు నడిచిన బాట మీదే నీ చక్రం నడవబోతోంది. నాకు మాత్రం లాకుల తలుపులు దాటేటప్పుడల్లా ఆ తాడు లాగినవాళ్లే గుర్తొస్తారు. దొర విగ్రహాలు ఊరూరా ఉన్నాయి, వాళ్లకి ఒక్కటీ కనపడలేదు నాకు.

వెళ్లేటప్పుడు ఉత్తరానికి వెళ్తాం. పుష్యమాసంలో పొద్దెక్కేకొద్దీ ఈశాన్యం గాలి లేస్తుంది. గట్టు మీద ఆపడానికి చెట్టు కూడా ఉండని చోట్ల ఆ గాలి మొహానికి కొడితే నీ అనంతగిరి మిట్ట నయమనిపిస్తుంది. అందుకే ఆరింటికల్లా బయల్దేరాలి. అప్పటికి మంచు కాలువ మీదే పడుకుని ఉంటుంది. దాళ్వా, అదే రెండో పంట, ఊడ్పులకి దిగేవాళ్ల మాటలు వినిపిస్తాయి కానీ మనుషులు కనపడరు. మంచులో గడ్డి తడిసి ఉంటుంది. మలుపుల్లో ముందు బ్రేకు గట్టిగా నొక్కకు. కాలువకి దగ్గరగా కాకుండా గట్టు నడిమధ్యలో ఉండు. ఆ అంచున గుర్రపుడెక్క నేలలాగే పచ్చగా ఉంటుంది, కింద మాత్రం లోతు నీళ్లు.

బొబ్బర్లంకలో టీ తాగుదాం. అక్కణ్ణించి ధవళేశ్వరం బ్యారేజీ కనిపిస్తుంది. నాలుగు ముక్కలుగా 175 గేట్లు. దాని మీదికి మాత్రం సైకిళ్లు వద్దు, బస్సులూ లారీలూ ఒరుసుకుంటూ పోతాయి. నిలబడి చూసి వెనక్కి తిరుగుదాం.

తిరుగుదారి ఏటిగట్టు. కుడివైపు గోదావరి పాయ వశిష్ఠ, ఎడమవైపు కిందుగా అరటి తోటలూ కొబ్బరీ. ఈ దారిలోనే నాకు నీతో ఎక్కువ పని ఉంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు నాకు పదహారేళ్లు. రాత్రంతా మీ తాతయ్యా నేనూ ఇదే గట్టు మీద ఇసుక బస్తాలు మోశాం. అటు ఏరు మా కాళ్ల ఎత్తున, ఇటు ఊరు మాకన్నా కింద. ఆ తర్వాతే గట్టు ఎత్తు చేసి బలపరిచారు. నీకు ఏడేళ్లప్పుడు సీటు వెనక పట్టుకుని పరిగెత్తి సైకిలు నేర్పింది కూడా ఇక్కడే. ఒకచోట చేయి వదిలేశాను. నువ్వు చాలా దూరం పోయాక గానీ తెలుసుకోలేదు. ఆ చోటు నాకు గుర్తుంది, చూపిస్తాను.

ఒక జాగ్రత్త. ఏట్లోంచి ఇసుక తోలే ర్యాంపు ఉన్న చోట లారీలు గట్టుని పిండి చేసి పెట్టాయి. మొన్న అక్కడే ముందు చక్రం కూరుకుపోయి పడ్డాను, మోచెయ్యి గీసుకుంది, అంతే. మీ అమ్మకి చెప్పలేదు. నీ వెడల్పాటి టైర్లలో గాలి కొంచెం తీస్తే ఇసుక మీద తేలిపోతావు. పల్లేరు కాయలు మాత్రం టైరు వెడల్పు చూడవు. గట్టు వారన గడ్డిలోకి దిగావంటే పంచరే. రెండు ట్యూబులు ఎక్కువ తెచ్చుకో.

మీ అమ్మ ర్యాలి గుడికి వెళ్లి రమ్మంటోంది. ముందు కేశవుడు, వెనక మోహిని ఉన్న ఆ విగ్రహాన్ని నువ్వు చిన్నప్పుడు చుట్టూ తిరిగి తిరిగి చూసేదానివట. ఆవిణ్ణి బండి మీద వేరే పూట తీసుకెళ్తాను. ఆత్రేయపురంలో పూతరేకులు మాత్రం సైకిలు మీద వద్దు, గట్టు దిగేసరికి పొడే మిగులుతుంది.

టికెట్ తీశాక ఏ రోజు వస్తున్నావో చెప్పు. సైకిలు వేసుకు రావడానికి స్టేషనుకి ఆటో తెస్తాను. మనూరి సైకిలు షాపు పంపు వాల్‌ట్యూబుకే పడుతుంది, నీ చక్రానికి పట్టదు. నీ పంపు మరిచిపోకు.

మీ నాన్న