మంచు పేరిట మేళాలో చల్లుతున్నదేమిటి?

సంపాదకులు గారికి,

నమస్కారాలు. గత వారం మీ జిల్లా పేజీలో మా ఊరి మేళా మైదానంలో 'కశ్మీరు మంచు' కురుస్తోందని ఫొటోతో సహా వార్త వేశారు. అది చూసి చుట్టుపక్కల పల్లెల నుంచి కూడా జనం పిల్లాపాపలతో ఆటోలు కట్టించుకొని వస్తున్నారు కనుక, ఆ వార్తలో ఉండవలసి ఉండి లేని ముఖ్యమైన సంగతిని రాయక తప్పడం లేదు. అక్కడ పడుతున్నది మంచు కాదు.

కృత్రిమ మంచు అనేది ప్రపంచంలో లేకపోలేదు. 1980లో అమెరికాలోని లేక్ ప్లాసిడ్‌లో శీతాకాల ఒలింపిక్స్‌కు తొలిసారి దాన్ని వాడారు. 2022 నాటి బీజింగ్ పోటీలు దాదాపు పూర్తిగా దాని మీదే జరిగాయి. నీటినీ గాలినీ అధిక పీడనంతో సన్నని రంధ్రాల గుండా పైకి చిమ్మితే, ఆ తుంపరలు నేలకు చేరేలోపే గడ్డకట్టి మంచుగా రాలతాయి. నీరు త్వరగా గడ్డకట్టడానికి సూడోమోనాస్ సిరింజే అనే బ్యాక్టీరియా నుంచి తీసిన ప్రోటీన్‌ను కొన్నిచోట్ల కలుపుతారు. ఏమి కలిపినా చలి లేనిదే పని జరగదు. గాలిలోని వేడిమినీ తేమనూ కలిపి చూడడానికి తడిగుడ్డ చుట్టి పెట్టే థర్మామీటరు సుమారు మైనస్ 2 డిగ్రీలకు దిగాలి. హైదరాబాద్‌లో 2004లో తెరిచిన స్నో వరల్డ్‌లో మాదిరి, మూసిన హాలులో గడ్డకట్టే చలిని నిలబెట్టి చేయడం మరో పద్ధతి. ఒడిశాలోని మా గజపతి జిల్లాలో, చెమటలు కారే వేళ, గుడ్డ పందిరి కింద వీటిలో ఏదీ సాధ్యపడదు.

మరి అక్కడ చల్లుతున్నదేమిటి? పైనుంచి పడేది సబ్బు వంటి ద్రావణాన్ని ఫ్యానుతో ఊదగా వచ్చే నురగ. కింద గుట్టలుగా పోసినది మాత్రం వేరు. దాన్ని గుప్పెడు తెచ్చి స్టీలు గిన్నెలో ఉంచాను. మంచైతే కాసేపటికే కరిగిపోవాలి. తెల్లవారినా అది సగ్గుబియ్యం జావలా ముద్దగానే ఉంది. చెంచాడు ఉప్పు వేసి కలిపితే నీరు విడిచి పలచబడింది. పసిపిల్లల డైపర్లలో నీరు పీల్చడానికి వాడే సోడియం పాలీఅక్రిలేట్ లక్షణం సరిగ్గా ఇదే. అది తన బరువుకు వందల రెట్లు నీరు పీల్చుకొని తెల్లగా ఉబ్బుతుంది. దాని పొడి గాలిలో లేస్తే ఊపిరితిత్తులకు చికాకు కలిగిస్తుంది, తడిసి నేల మీద పడితే కాలు జారుతుంది, మట్టిలో అంత తేలిగ్గా కుళ్లదు. పందిరి వెనక పడేసిన ఖాళీ సంచులను తిప్పి చూశాను. తయారీదారు పేరు గానీ, పదార్థం పేరు గానీ ఒక్కదాని మీదా లేదు. ముందువైపేమో పిల్లలు దాన్ని నోట్లో పెట్టుకొంటున్నారు. తల్లిదండ్రులు నవ్వుతూ ఫొటోలు తీసుకొంటున్నారు. వారిని తప్పు పట్టలేము, మంచేనని పత్రికలోనే చదివారు కదా.

ఇంతకంటే భయపెట్టే సంగతి పక్క దుకాణంలో ఉంది. అక్కడ అమ్మే స్నో స్ప్రే డబ్బాలలో నురగను బయటికి నెట్టేది సాధారణంగా బ్యూటేన్, ప్రొపేన్ వాయువులే, అంటే మన వంటగ్యాసు. ఆ దుకాణానికి నాలుగడుగుల దూరంలో మిరపకాయ బజ్జీల పొయ్యి భగభగ మండుతోంది. కుర్రాళ్లు ఆ పొయ్యి ముందు నిలబడే ఒకరి ముఖం మీద ఒకరు ఆ స్ప్రే కొట్టుకొంటున్నారు.

అనుమతి ఇచ్చిన కార్యాలయానికి వెళ్లి ఇవన్నీ చెప్పాను. అర్జీ ఒడియాలో రాసి తెమ్మన్నారు. రాసి ఇస్తే, కాంట్రాక్టరు ఆంధ్రా నుంచి వచ్చినవాడు కాబట్టి అక్కడే అడగమన్నారు. సరిహద్దు ఊళ్లలో ఉండే మాకు రేషను కార్డు దగ్గర నుంచి రోడ్డు గుంత దాకా వినిపించే సమాధానమే ఇది. స్థలం అద్దె వసూలు చేసుకొన్న చేతులకు సంచిలో ఏముందో చూసే తీరిక లేకపోవడం ఏమిటి? 1930లలో అమెరికాలో సినిమా సెట్లలోనూ, క్రిస్మస్‌కు ఇళ్లలోనూ తెల్లటి ఆస్బెస్టాస్ పొడిని మంచుగా చల్లుకొన్నారు. ఆ దుమ్ము క్యాన్సర్ తెస్తుందని వారికి తరవాత గానీ తెలియలేదు. మనం చల్లుతున్నది అంత ప్రమాదకరమైనదని నేను అనడం లేదు. అదేమిటో అడిగినవారే లేరని అంటున్నాను.

మేళాను మరికొన్నాళ్లు పొడిగిస్తారని వింటున్నాము. ఆ అనుమతి ఇచ్చేలోగా పొడి, ద్రావణం పేర్లు రాసిన బోర్డును తెలుగులో, ఒడియాలో గేటు దగ్గర పెట్టించాలి. స్ప్రే డబ్బాల దుకాణాన్ని పొయ్యిల వరుస నుంచి తీయించాలి. మిగిలిన గుజ్జును మురుగు కాలువలో పోసి మహేంద్రతనయ నదిలో కలపకుండా ఎక్కడ పారవేస్తారో కాంట్రాక్టరు చేత రాయించుకోవాలి. మీరు కూడా ఆ వార్త వేసిన చోటనే, అంతే పెద్ద అక్షరాలతో, అది మంచు కాదని ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత సైన్సు ఉపాధ్యాయుడు,
గజపతి జిల్లా, ఒడిశా