చాపెల్లో వాక్యం చెప్పబోతున్న మిత్రుడికి

ప్రియమైన మిత్రమా,

ప్రభువు నామంలో నీకు, చెల్లెమ్మకు, పిల్లలకు వందనాలు.

నీ ఉత్తరం అందింది. పాస్టర్లు కాబోయే పిల్లలు చదువుకునే మా సెమినరీలో, చాపెల్ ఆరాధనలో వాక్యం చెప్పడానికి నిన్ను పిలిచారని చదవగానే నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. తీరా రెండో పేజీ తిప్పితే అంతా టెన్షనే. "అక్కడ కూర్చునేవాళ్లు గ్రీకు, హెబ్రీ చదివినవాళ్లు. నేనేమో ఆదివారం ఆదివారం నా సంఘానికి చెప్పుకునేవాణ్ణి. వాళ్లకు తెలియనిది నేనేం చెప్పగలను?" అని రాశావు. వాళ్లకు తెలియనిదే చెప్పాలంటే ఎవరికైనా కష్టమేరా. ఆ పనికి తరగతులున్నాయి, లైబ్రరీ ఉంది. చాపెల్ ఎందుకుందో నా మనసులో చాలాకాలంగా పేరుకున్న మాటలు కొన్ని ఉన్నాయి. కాస్త ఓపిగ్గా చదువు.

ముందు నీ ఎదురుగా కూర్చునే పిల్లల సంగతి చెబుతాను. పొద్దున లేచింది మొదలు వాళ్ల చేతిలో బైబిలే ఉంటుంది. కానీ అది పరీక్షకు చదివే బైబిలు, వ్యాసం రాయడానికి తిరగేసే బైబిలు. ప్రసంగ శాస్త్రం తరగతిలో పీఠిక ఎలా ఎత్తుకోవాలి, ముఖ్యాంశాలు ఎలా విడదీయాలి, అన్వయింపు ఎక్కడ చెప్పాలి, ముగింపు ఎలా ఉండాలి అని నేర్పుతాం. ఆ కంటితోనే చాపెల్‌కి వస్తారు. బయటికి వెళ్తూ "మొదటి పాయింట్ బాగుంది, రెండోది ఆ వాక్యభాగంలో లేనే లేదు" అనుకోవడం రోజూ నా చెవిన పడుతూనే ఉంటుంది. అది తప్పని నేననను. మేం నేర్పిందే అది. లేని అర్థాన్ని వాక్యం మీద రుద్దితే గుర్తుపట్టలేని కుర్రాడు రేపు సంఘాన్ని ఎలా కాస్తాడు? నా దిగులు ఇంకొకటి. అలా తూకం వేస్తూ వేస్తూ, తన కోసం తాను వినడం మర్చిపోయినవాడు పాస్టర్ అయ్యాక, ఒకటి రెండేళ్లలో లోపల ఎండిపోతాడు. బయటికి ప్రసంగాలు సాగుతూనే ఉంటాయి. అందుకే వారంలో కొన్ని గంటలైనా వాళ్లు పెన్ను పక్కన పెట్టి, సంఘంలో ఒకరిలా కూర్చుని వినాలి. నిన్ను పిలిచింది అందుకే.

ప్రసంగీకులకు వాక్యం చెప్పడం కొత్త సంగతేం కాదు. 1792లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో బాప్టిస్టు సేవకుల కూడికలో విలియం కేరీ అనే పాస్టర్ యెషయా 54లోంచి ప్రసంగించారు. "నీ గుడారపు స్థలమును విశాలపరచుము" అన్న వచనం. వింటున్నవాళ్లలో చాలామంది పాస్టర్లే, ఆ అధ్యాయం వాళ్లకు కొత్త కాదు. అయినా మర్నాడు ఏ నిర్ణయమూ చేయకుండా లేచిపోబోతుంటే కేరీ పక్కనే ఉన్న తోటి పాస్టర్ ఆండ్రూ ఫుల్లర్ చెయ్యి పట్టుకుని, మళ్లీ ఏమీ చేయకుండానే వెళ్లిపోతున్నామా అని అడిగారట. అదే ఏడాది అక్టోబర్ 2న కెటరింగ్‌లో, దూరదేశాలకు మిషనరీలను పంపే సొసైటీ ఏర్పడింది. మొదటి రోజు ఇస్తామని మాటిచ్చిన చందా 13 పౌండ్ల 2 షిల్లింగుల 6 పెన్నీలు. మరుసటి ఏడాది కేరీ మన దేశంలో దిగారు. 1818లో తోటివాళ్లతో కలిసి శ్రీరాంపూర్ కాలేజీ పెట్టారు. తెలిసిన వచనాన్నే తెలిసినవాళ్ల ముందు అంత నమ్మకంతో చెప్పారు చూడు, నాకు కావాల్సింది అదీ.

ఇంకొకరి సంగతి చెప్పకుండా ఉండలేను. జాన్ బ్రాడస్ పేరు నువ్వు చదువుకునే రోజుల్లో వినే ఉంటావు. 1859లో దక్షిణ కరోలినాలోని గ్రీన్‌విల్‌లో మొదలైన సదరన్ బాప్టిస్ట్ సెమినరీకి మొదటి నలుగురు అధ్యాపకుల్లో ఆయనొకరు. అమెరికా అంతర్యుద్ధం ముగిశాక 1865లో సెమినరీ మళ్లీ తలుపులు తెరిస్తే వచ్చింది ఏడుగురే విద్యార్థులు. ప్రసంగ శాస్త్రం తరగతికి ఒక్కడు. అతనికి చూపు లేదు. ఆ ఒక్కడి కోసం బ్రాడస్ పాఠాలన్నీ పూర్తిగా తయారుచేసుకుని వెళ్లి చెప్పారు. 1870లో ఆ పాఠాలే పుస్తకమై, తర్వాత తరాల పాస్టర్లకు పాఠ్యగ్రంథమైంది. ఎంతమంది వస్తారని నువ్వు ఉత్తరంలో రెండుసార్లు అడిగావు కదా, అందుకే ఇది రాశాను. ఆయనే 1895లో, చనిపోవడానికి కొన్నాళ్ల ముందు, తరగతిలో అపొస్తలుల కార్యాల్లో కనిపించే బోధకుడు అపొల్లో గురించి చెబుతూ "లేఖనములయందు ప్రవీణుడు" అన్న మాట దగ్గర ఆగి, ఇవే నా చివరి మాటలైతే మీరు అలాంటివాళ్లు కావాలనే చెబుతానని పిల్లలకు చెప్పారు. అంత చదువుకున్న మనిషి చివరికి పట్టుకున్నది ఆ ఒక్క మాట.

ఇక కిందటేడు మా చాపెల్లో విన్న ఒక ప్రసంగం గురించి తీరిగ్గా రాయాలి. వచ్చినాయన పెద్దవారు, చాలాకాలం సంఘ కాపరిగా పనిచేసినవారు. రెండవ రాజులు 6లో మొదటి ఏడు వచనాలు తీశారు. గొడ్డలి నీళ్లలో పడితే ఎలీషా ప్రవక్త దాన్ని తేలేలా చేసిన కథ. వినగానే నా గుండె కాస్త జారింది. ఆ భాగం మీద మనం ఎన్ని ప్రసంగాలు వినలేదు! గొడ్డలి అంటే అభిషేకం (సేవకు దేవుడిచ్చే శక్తి), పిడి అంటే సేవకుడు, నీళ్లు అంటే లోకం, పోగొట్టుకున్న అభిషేకాన్ని మళ్లీ తెచ్చుకో... ఆయనా అటే వెళ్తారనుకున్నాను. వెళ్లలేదు.

ముందు ఏడు వచనాలూ నిదానంగా, వింటున్నవాళ్లకు ఆ యొర్దాను ఒడ్డు కళ్లకు కట్టేలా చదివారు. తర్వాత ఒక ప్రశ్న వేశారు: ఈ కుర్రాళ్లు ఎవరు? ప్రవక్తల శిష్యులు. ఉంటున్న చోటు ఇరుకైపోయింది, తలా ఒక మ్రాను నరుక్కొచ్చి ఇల్లు కట్టుకుందామనుకున్నారు. అంటే మీలాంటివాళ్లే, హాస్టల్ చాలని విద్యార్థులు అన్నారు. పిల్లలు నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే వెనక్కి నాలుగో అధ్యాయానికి తీసుకెళ్లారు. అక్కడ ఇదే ప్రవక్తల శిష్యుల్లో ఒకడు అప్పు తీర్చకుండా చనిపోతే, అప్పులవాడు వచ్చి అతని ఇద్దరు కొడుకులనూ దాసులుగా తీసుకుపోబోయాడు. అదే అధ్యాయంలో కరువు, శిష్యులకు కుండలో వండుకోవడానికి సరైన తిండి కూడా లేదు. ఈ రెండూ చూపించి, మళ్లీ ఆరో అధ్యాయానికి వచ్చి, ఆ కుర్రాడి కేక చదివారు: "అది యెరవు తెచ్చినది." ఇనుప గొడ్డలి కొనుక్కునే స్తోమత లేదు, అడిగి తెచ్చుకున్నాడు, అది పోయింది. అప్పు అనే మాటకు ఆ ఇళ్లలో ఎంత భయం ఉందో అప్పటికే మాకు తెలిసింది. ఇక ఆయన వివరించాల్సింది ఏమీ మిగల్లేదు.

"బైబిలు ఇక్కడ అభిషేకం పోయింది అనలేదు, ఎరవు తెచ్చిన గొడ్డలి పోయింది అంది. దేవుడు దాన్నే పట్టించుకున్నాడు" అన్నారు. ఐదో అధ్యాయంలో సైన్యాధిపతి నయమాను, ఆరో అధ్యాయం మిగతా అంతా సిరియా రాజు దండు. ఈ రెండు పెద్ద సంగతుల మధ్య ఒక పేద విద్యార్థి గొడ్డలికి ఏడు వచనాలు ఇచ్చాడు దేవుడు. నా ముందు వరుసలో ఒక అబ్బాయి మొదటి నుంచీ నోట్సు రాసుకుంటున్నాడు. 1, 2 అని అంకెలు వేసి పాయింట్లు దించుతున్నాడు. 3 వేశాడు, దాని పక్కన చివరిదాకా ఏమీ రాయలేదు. ఫీజు కట్టలేక వెళ్లిపోదామా అని ఆ రోజుల్లో మథనపడుతున్నది ఆ అబ్బాయే. ఆ సంగతి ఆ పెద్దాయనకు తెలిసే అవకాశం లేదు.

ఆ తర్వాతి వారం తరగతిలో ఆ ప్రసంగం గురించే మాట్లాడుకున్నాం. ఆయన ఏ కథలూ చెప్పలేదు, బయటి పుస్తకంలోంచి ఒక్క మాట తేలేదు, ఉన్నదంతా రెండవ రాజుల గ్రంథంలోంచే తీశారని పిల్లలే పట్టుకున్నారు. ముందూ వెనకా ఉన్న అధ్యాయాలు చూడాలని నేను ఏడాదంతా చెబుతూనే ఉంటాను. ఆ రోజు చూశాక గానీ వాళ్లకు ఎక్కలేదు. ప్రసంగించడం మా పిల్లలు తరగతిలో కన్నా చాపెల్లోనే ఎక్కువ నేర్చుకుంటారని నేను గట్టిగా నమ్ముతాను. అక్కడ మంచి ప్రసంగం వింటే మంచి అలవాటు పడుతుంది, పైపై మెరుపులు వింటే అవే అలవాటవుతాయి. నీ భుజాన పెడుతున్న బరువు చిన్నదేం కాదు, అది కూడా నీకు తెలియాలి.

కొందరు వచ్చి, నేను సెమినరీ మెట్లు ఎక్కకపోయినా దేవుడు నన్ను వాడుకున్నాడు, చదువులతో ఏం కాదు అని వెళ్లిపోతారు. వాళ్లను దేవుడు వాడుకున్నది నిజమే కావచ్చు. కానీ రాత్రంతా హెబ్రీ క్రియాపదాలతో కుస్తీ పట్టి వచ్చిన పిల్లవాడికి ఆ మాట ఎంత నీరసం తెస్తుందో ఆలోచించు. ఇంకొందరు దీనికి సరిగ్గా వ్యతిరేకం. తమకూ చదువుందని చూపించుకోవడానికి ఐదుగురు వ్యాఖ్యాతల పేర్లు, మూడు గ్రీకు పదాలు. నువ్వు ఈ రెండు గోతుల్లోనూ పడకు. బైబిల్లో ఎజ్రా అనే శాస్త్రి గురించి రాసిన వరస చూడు: ధర్మశాస్త్రాన్ని పరిశోధించాలి, దాని చొప్పున నడుచుకోవాలి, ఆ తర్వాత నేర్పాలి. నువ్వు మొదటిది చేస్తావని నాకు తెలుసు, నీ బైబిలు అంచులు చూసినవాణ్ణి. రెండోదానికి నీ సంఘమే సాక్ష్యం చెబుతుంది. ఇక మూడోదానికి ఎందుకు భయం?

మన బాప్టిస్టు పద్ధతి నీకు తెలిసిందే. లోపలికి రాగానే మధ్యలో కనిపించేది వాక్యం చెప్పే పుల్‌పిటే, పక్కకు నెట్టి ఉండదు. వాక్యమే ఆరాధనకు నడుమ ఉండాలని పెద్దలు అలా పెట్టారు. అయినా చాపెల్ సంఘం కాదు. మాకు ఇక్కడ బాప్తిస్మాలు, ప్రభువు బల్ల ఉండవు, అవి స్థానిక సంఘానికి చెందినవి. పిల్లలందరికీ ఆదివారం వెళ్లే సంఘాలు ఉన్నాయి. కాబట్టి వాళ్ల జీవితంలోని సమస్తాన్నీ ఒక్క ప్రసంగంలో సరిచేసే భారం నీ మీద వేసుకోకు. ఒక్క వాక్యభాగం, అది చెప్పేది చెప్పు.

సమయం గురించి మాత్రం మొహమాటం లేకుండా చెబుతున్నాను. చాపెల్ తర్వాత వెంటనే తరగతి ఉంటుంది. పాట, ప్రార్థన, ప్రకటనలు పోగా నీకు మిగిలేది అరగంట లోపే. పరిచయానికి పది నిమిషాలు, సాక్ష్యానికి పది నిమిషాలు పోతే వాక్యానికి మిగిలేదేముంది? పిలిచినందుకు కృతజ్ఞతలు ఒక వాక్యంలో చెప్పి బైబిలు తెరువు. చివర్లో, దేవునికి లోబడాలనుకునేవాళ్లు ముందుకు రండి అని పిలుపు ఇవ్వాలా వద్దా అని అడిగావు. ఇవ్వు. వీళ్లంతా రక్షణ పొందినవాళ్లే కదా, పిలుపెందుకు అని కొందరంటారు. నేను ఒప్పుకోను. సెమినరీలో చేరినంత మాత్రాన మనసు దేవుని దగ్గరే ఉందని చెప్పలేం. పేరున్న బాప్టిస్టు ప్రసంగీకుడు స్పర్జన్ లండన్‌లో తన కాలేజీ పిల్లలకు శుక్రవారం మధ్యాహ్నాలు చెప్పిన మాటలు పుస్తకంగా వచ్చినప్పుడు మొదటి ఉపన్యాసమే "నిన్నుగూర్చియు నీ బోధనుగూర్చియు జాగ్రత్త కలిగియుండుము" అన్న తిమోతి పత్రిక మాట మీద. సేవకుడే ముందు రక్షణ పొందినవాడై ఉండాలని ఆయన అక్కడ మొదలుపెట్టారు. ఆ ధైర్యం నీకూ ఉండాలి. కాకపోతే పాట మీద పాట పాడిస్తూ, ఎవరో ఒకరు లేచి వచ్చేదాకా లాగకు. వాక్యం పని చేస్తే వాళ్లే ఆ సాయంత్రం గది తలుపు తడతారు. మా ఇంటి తలుపు అలా చాలాసార్లు తట్టారు.

ఏం చెప్పాలో నన్ను ఎంచిపెట్టమన్నావు. ఆ పని నేను చేయను, నీ సంఘంలో ఈ మధ్య నువ్వు ఏ భాగం మీద ఎక్కువ కన్నీళ్లతో చెప్పావో అదే తీసుకురా. కానీ దాన్ని యథాతథంగా తేవద్దు. మళ్లీ మొదటి నుంచి చదువు, ఈ పిల్లల ముఖాలు తలుచుకుంటూ చదువు. ఇరవై ఏళ్లవాళ్లున్నారు, ఉద్యోగం వదులుకుని భార్యాబిడ్డలతో వచ్చినవాళ్లున్నారు, ఇంట్లో ఒప్పుకోకపోయినా వచ్చినవాళ్లున్నారు. కొందరికి దేవుడు తమను సేవకు పిలిచాడా అన్నదాని మీదే అనుమానం మొదలైంది. ఆ అనుమానాన్ని బయటికి చెప్పుకోవడానికి సెమినరీ అంత కష్టమైన చోటు ఇంకొకటి ఉండదు, ఎందుకంటే చుట్టూ ఉన్నవాళ్లంతా నిశ్చయంగా ఉన్నట్టే కనిపిస్తారు. వాళ్లను మనసులో పెట్టుకుని మోకాళ్ల మీద సిద్ధపడు.

వాక్యభాగం ఖాయం కాగానే నాకు రాసి పంపు, పాటలు ఎంచే పిల్లలకు ముందే ఇస్తాను. ముందురోజు సాయంత్రానికే వచ్చేయ్, మా ఇంట్లోనే ఉండు. చెల్లెమ్మను కూడా తీసుకురా, మా ఆవిడ మరీ మరీ చెప్పమంది. పొద్దున్నే చాపెల్‌కి ముందు అధ్యాపకులు కొందరం కలిసి ప్రార్థన చేస్తాం, నువ్వూ మాతో చేరితే బాగుంటుంది.

ప్రభువునందు,
నీ స్నేహితుడు